అట్ట వెనక కొసరు

వంతెన దగ్గర ఇద్దరూ మునిగారు.

కిందటి వారం మనం వాళ్ళని వదిలిపెట్టింది అక్కడే. గోడ సగం ఆక్రమించిన తెర మీద నల్లటి ఏరు, ఏటి మీద ఊగే తాళ్ళ వంతెన, దాని పైన తెల్లటి అక్షరాల్లో ఒకటే మాట: "ఏరు నిన్ను తీసుకుంది." నర్సమ్మ ఆడితే అదే, బస్సు డ్రైవరు ఆడితే అదే. ఇద్దరూ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టినా అదే.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం పాత సరుకు ఒకసారి కిందికి దించి చూపించాలి. షావుకారుది పుస్తకాలూ పెన్సిళ్ళూ ఆటబొమ్మలూ అమ్మే కొట్టు. కొట్టు వెనక, అట్టపెట్టెలు పేర్చిన గదిలో, ఒక బల్ల చుట్టూ, సెలవురోజు సాయంత్రాలు ఏళ్ళ తరబడి అతను ఒక ఆట నడిపాడు. ఆ ఆటకి పలకా లేదు, పావులూ లేవు. నోటిమాట, రెండు పాచికలు, అంతే. "ఎదురుగా ఏరుంది, వెనక తరుముకొస్తున్నారు, ఏం చేస్తావ్?" అని షావుకారు అడుగుతాడు. ఆడేవాళ్ళు ఎవరు కట్టిన వేషంలో వాళ్ళు జవాబు చెబుతారు. అనుకున్నది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆట పేరు 'అవతలి గట్టు'. తర్వాత్తర్వాత ఆ రూళ్ళన్నీ చిన్న పుస్తకంగా అచ్చువేయించి కొట్లోనే అమ్మాడు.

ఆ బల్ల చుట్టూ తిరుగుతూ పెరిగిన మేనకోడలు ఇప్పుడు వీడియో గేములు తయారుచేసే కంపెనీలో పనిచేస్తోంది. మా మావయ్య ఆటని గేము చేద్దామని యజమాని వెంటపడి ఒప్పించింది ఆ పిల్లే. యజమాని ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. పాత బల్ల దగ్గర ఆడినవాళ్ళే వచ్చి ఆడి, "ఇది మా ఆటే" అనాలి. అంటే గేము బజారులోకి వస్తుంది. అనకపోతే గేముతోపాటు మేనకోడలి కుర్చీ కూడా లేచిపోతుంది.

ఆ పరీక్ష ఈ రోజు.

"ఇది మన ఆట కాదు," అంది నర్సమ్మ చివరికి.

నెమ్మదిగానే అంది. ఉద్యోగమంతా ఆసుపత్రి వరండాల్లో చెడ్డ కబుర్లు చెప్పడంలోనే గడిచింది కాబట్టి, గొంతు పెంచకుండా గుండెలో రాయి వెయ్యడం ఆమెకి అలవాటు. అంత మెత్తటి మనిషీ బల్ల దగ్గర కూర్చుంటే గండ్రగొడ్డలి అనే మోటు యోధుడి వేషం కట్టేది. కనపడ్డవాణ్ణల్లా నరకడమే ఆ యోధుడి పని. పగలంతా కట్లు కట్టినదాన్ని, సాయంత్రమన్నా నరకనివ్వండి అనేది.

డ్రైవరుది పిల్లి అనే దొంగ వేషం. వంతెన చివరి పలక మీంచి ఆ పిల్లి అవతలి గట్టుకి దూకిన కథ, తనతో డ్యూటీ చేసిన ప్రతి కండక్టరుకీ చెప్పి ఉంటాడు. కొందరికి రెండుసార్లు కూడా చెప్పాడు. అతను చేతిలోని కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టి, దాన్ని కాస్త దూరంగా జరిపాడు.

"ఏమ్మా, నా పిల్లికి ఏం రోగం?" అని మేనకోడల్ని అడిగాడు. "మొదటి పలక మీదే కాలు జారుతోంది. మా డిపోలో ముసలిపిల్లి ఒకటుంది, అది నయం."

ఎవరూ నవ్వలేదు. యజమాని కుర్రవాడే. కూర్చుని మాట్లాడే అలవాటు లేని మనిషి. చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బొమ్మలు బాగున్నాయనీ, ఏటి చప్పుడు వింటే కాళ్ళు తడిసినట్టే ఉందనీ, కానీ ఆడినవాళ్ళే కాదంటే తాను ఎవరికి అమ్మాలనీ అన్నాడు. అతని మాటలో కోపం లేదు. సరుకు తిప్పి చూసి పక్కన పెట్టేవాడికి కోపం ఎందుకుంటుంది? షావుకారుకి ఆ పద్ధతి తెలుసు, కొట్లో రోజూ చూస్తున్నదే.

మేనకోడలు లేచి నిలబడింది. వంతెన మీద మూడు పలకలు కుళ్ళి ఉంటాయనీ, ఒక్కొక్క దాని దగ్గరా రెండు పాచికలూ కలిపి తొమ్మిదో ఆపైనో పడాలనీ, పుస్తకంలో అచ్చయినట్టే తాను ఎక్కించాననీ చెప్పింది. తర్వాత, గొంతు కొంచెం తగ్గించి, యంత్రం చేత దానంతట దాన్నే ఆడించి చూశానంది. "వందమంది ఎక్కితే ఇద్దరు దాటుతున్నారు. నర్సత్తా, డ్రైవరు బాబాయీ ఇద్దరూ ఒకే రోజు దాటాలంటే మాత్రం, రెండువేలసార్లు ఆడితే ఎప్పుడో ఒకసారి."

"ఆ ఒకసారే మేం దాటింది," అన్నాడు డ్రైవరు. నమ్మకంగానే అన్నాడు.

యజమాని షావుకారు వైపు తిరిగాడు. "అంకుల్, మీరు చెప్పండి. తప్పు మీ రూల్లో ఉందా, మావాళ్ళు చేసిన పన్లో ఉందా?"

అందరి కళ్ళూ అతని మీదకి వచ్చాయి.

ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. పాచికలు వేసేది ఆడేవాళ్ళు కాదు, షావుకారే. చెప్పుల పెట్టె మూతొకటి ముందు నిలబెట్టుకుని, ఆ అట్ట వెనక వేసేవాడు. అవతల కూర్చున్నవాళ్ళకి గలగల వినపడేది, అంకె మాత్రం షావుకారు నోట వినపడేది. అలా ఎందుకని ఎవరన్నా అడిగితే, తూచేవాడే తక్కెడ పట్టాలి అనేవాడు. తక్కెడ పట్టినవాడి చిటికెనవేలుకి కూడా బరువుంటుందని వ్యాపారం చేసిన ప్రతివాడికీ తెలుసు. ఇద్దరూ వంతెన దాటిన ఆ సాయంత్రం పడ్డ అంకెలు వేరు, షావుకారు చెప్పిన అంకెలు వేరు. నర్సమ్మకి ఆరు పడితే పది అన్నాడు. పిల్లి దూకుడికి మూడు పడితే పదకొండు అన్నాడు. డ్రైవరు లేచి నిలబడి అట్టపెట్టెల మధ్య గంతులేశాడు. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇద్దరి సంతోషానికి పెట్టుబడి ఒక అబద్ధం. అంత చవక బేరం షావుకారు జీవితంలో ఇంకోటి చెయ్యలేదు.

బల్ల దగ్గర మూడో వేషం, ఆ పడవవాడి సంగతి వేరు. ఆ లెక్క మాత్రం అతను ఎవరి ముందూ ఎన్నడూ విప్పలేదు.

చిక్కేమిటంటే యంత్రానికి చిటికెనవేలు లేదు. ఏడాదిన్నర నుంచి మేనకోడలు అతని దగ్గరికి వచ్చి అడుగుతున్నవన్నీ అలాంటివే. పుస్తకంలో లేనిది ఎవరన్నా చేస్తానంటే నువ్వు "సరేలే" అనేవాడివి కదా మావయ్యా, ఆ సరేలే అంటే ఎంత? ఏడా, ఎనిమిదా? ఒక్కోసారి "అబ్బే" అనేవాడివి, దానికెంత? షావుకారు నవ్వి, ఏదో ఒక అంకె చెప్పేవాడు. బల్ల దగ్గర అతని మొహంలోనూ, గొంతులోనూ, కనుబొమల ఎత్తులోనూ ఉన్నదంతా ఆ పిల్ల అంకెలుగా మార్చుకుంటూ పోయింది. పోయినవారం వంతెన లెక్క కూడా కాగితం మీద గీసుకొచ్చి చూపించింది. ఎక్కడో ఏదో తప్పిపోయింది మావయ్యా, ఇలా అయితే ఎవరూ దాటరు అంది. అతను ఆ కాగితం కేసి సరిగ్గా చూడలేదు. "పుస్తకంలో ఉన్నదే పెట్టు. ఆటన్నాక కష్టంగానే ఉండాలి," అన్నాడు. అని, గల్లాపెట్టె దగ్గరికి లేచి వెళ్ళిపోయాడు. కొనేవాళ్ళెవరూ లేకపోయినా.

ఇప్పుడు నిజం చెప్పెయ్యొచ్చు. చెబితే పిల్ల కుర్చీ నిలబడుతుంది. కానీ నర్సమ్మ మొహంలోకి ఎలా చూస్తాడు? డ్రైవరు అన్నేళ్ళ కథకి ఏం జవాబు చెబుతాడు? ఒక తట్టలో మేనకోడలు, ఇంకో తట్టలో తన పరువు. షావుకారు రెండూ తూచాడు. తూచడానికి అంతసేపు పట్టడమే సిగ్గుచేటని తర్వాత అనిపించింది గానీ, అప్పటికి నోరు దాని పని అది చేసేసింది.

"పుస్తకం సరిగ్గానే ఉందండీ. అన్నేళ్ళు ఆడిన ఆట. పిల్ల ఎక్కించేటప్పుడు ఎక్కడో తేడా చేసుంటుంది."

మేనకోడలు అతని వైపు చూసింది. పోయినవారం నీకు చూపించాను కదా అని ఒక్క మాటంటే చాలు, షావుకారు అక్కడే పట్టుబడిపోయేవాడు. అనలేదు. నలుగురిలో మావయ్య మాట కొట్టెయ్యకూడదని ఆ పిల్లకి వాళ్ళమ్మ, అంటే షావుకారు సొంత అక్క, నేర్పింది. ఆ పెంపకం ఇప్పుడు తనకే ఆసరా అయిందని తెలిసేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది.

"మళ్ళీ చూస్తాను, మావయ్యా," అంది ఆమె.

యజమాని మాత్రం, ఇన్నాళ్ళు చూసినా కనపడని తేడా మళ్ళీ చూస్తే మాత్రం కనపడుతుందా అన్నాడు. ఇంకొకరి చేతికి ఇచ్చి చూద్దాం, అప్పటికీ తేలకపోతే మూసేద్దాం అన్నాడు. మేనకోడలు తలూపి, లాప్‌టాప్ మూతవేసింది. వైరు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిన వైరే విప్పి మళ్ళీ చుడుతోంది. అది షావుకారు ఒక్కడికే కనపడింది. కనపడకుండా ఉంటే బాగుండునని అతను బల్ల మీది టీ కప్పు కేసి చూశాడు.

అప్పుడు మూలనుంచి ఒక గొంతు వచ్చింది. "పిల్లని ఏమనకండి. తప్పు ఆమెది కాదు."

దర్జీ.

అతనూ పాత బల్ల మనిషే. షావుకారుకి చిన్ననాటి స్నేహితుడు కూడా. బజారులో ఇద్దరి కొట్ల మధ్యా ఒక గోడే అడ్డం. బల్ల దగ్గర అతను కట్టింది పడవవాడి వేషం. ఆ పడవవాడు అదే వంతెన మీద, అదే సాయంత్రం, మూడో పలక దగ్గర ఏట్లో పడి పోయాడు. అందుకే ఈ రోజు కంట్రోలర్ ఇవ్వబోతే తీసుకోలేదు, చచ్చినవాడికి ఆటేమిటయ్యా అని మూల కుర్చీలో కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం అతని వల్ల కాదు. సంచీలోంచి ఎవరిదో కోటు తీసి గుండీలు కుడుతున్నాడు. లోపలికీ బయటికీ తిరిగే కంపెనీ పిల్లలు అతన్ని వింతగా చూస్తూ పోతున్నారు.

"మరి తప్పెవరిది?" అన్నాడు యజమాని.

షావుకారు తేలు కుట్టిన దొంగలా కదలకుండా కూర్చున్నాడు.

"ఎవరిదీ కాదు," అన్నాడు దర్జీ, దారం పంటితో తెంపి. "ఒక రూలు పుస్తకంలోకి ఎక్కలేదు. మా షావుకారు కొట్లో గోళీలు కొన్నావా ఎప్పుడన్నా? కొని ఉండవులే. పది గోళీలు లెక్కపెట్టి చేతిలో పోస్తాడు. పోశాక, ఇంకోటి వేస్తాడు. అడక్కుండానే. దాన్నేమంటారో తెలుసా?"

"కొసరు," అంది మేనకోడలు. చుడుతున్న వైరు ఆపేసింది.

"ఆఁ, కొసరు. బల్ల దగ్గరా అంతే. మనిషి ఏట్లో కొట్టుకుపోతున్నాడనుకో, అట్ట వెనక చిన్న కొసరు పడేది. అసలు ఎంత పడ్డా సరే. లేకపోతే ఆ వంతెన మనుషులు దాటే వంతెనేనా?"

డ్రైవరు మొహం మెల్లిగా మారింది. "అంటే నేను దాటలేదా?"

"దాటావురా. నిన్ను దాటించారు. రెండూ ఒకటే."

"రెండూ ఎలా ఒకటవుతాయి?" అని డ్రైవరు షావుకారుని చూశాడు. అందులో కోపం లేదు. దారిలో బస్సు ఆగిపోతే ప్రయాణికుడు చూసే చూపు అది. "నా పిల్లిని చంకనేసుకుని దాటించావన్నమాట, షావుకారూ. ఎంత పడిందేమిటి నాకు, నిజంగా?"

షావుకారు మూడు అని చెప్పాలి. మూడు అంటే, రెండు పాచికల మీద పడగల అంకెల్లో అట్టడుగుది ఒక్కటే దానికంటే తక్కువ. ఆ మాట డ్రైవరుకి చెప్పడం కంటే తానే ఆ ఏట్లో దూకడం సుఖం.

"ఎంతపడితే ఏంటి అన్నయ్యా," అంది నర్సమ్మ అడ్డుపడి. "మందు చేదని తెలిసి తేనె కలుపుతాం. రోగికి చెప్పి కలుపుతామా?" ఆమె షావుకారు వైపు తిరిగి, ఆ అట్ట ఎందుకో తనకి ఇన్నాళ్ళకి అర్థమైందని అంది. ఆ గొంతులో కృతజ్ఞత ఉంది. తిట్టి ఉంటే అతనికి అంత బరువుండేది కాదు.

"అట్ట అందుకేనమ్మా," అన్నాడు దర్జీ. "కొసరు కనపడకుండా పడాలి. కనపడేలా వేస్తే అది కొసరు కాదు, దానం."

యజమాని గోడని వదిలి ముందుకొచ్చాడు. రావడమే కాదు, మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు కూడా. ఇది బాగుంది అన్నాడు. ఏ గేములోనూ ఇలా పేరుపెట్టి లేదు, మనం కనపడకుండా పెడదాం, మరీ తరచుగా పడితే ఆడేవాడు పసిగడతాడు, తక్కువ పడాలి అన్నాడు. అతని కళ్ళలో అమ్మకం మెరుస్తోంది. మేనకోడలు మళ్ళీ లాప్‌టాప్ తెరిచింది. ఆ చిన్న చప్పుడుకి షావుకారు గుండెల మీంచి బస్తా దిగినట్టనిపించింది. బస్తా దించింది తాను కాదన్న సంగతి వెంటనే గుర్తొచ్చింది. తన అబద్ధానికి మంచి బట్ట చూసి, కొలిచి, కుట్టి తొడిగినవాడు దర్జీ. కుట్టు ఎక్కడుందో కూడా తెలియనంత నేర్పుగా.

"మావయ్యా, దీనికి రూలు కావాలి," అంది మేనకోడలు. ఆమె గొంతులో పోయినవారపు బెంగ లేదు, పనిలో పడ్డ హుషారుంది. "నువ్వు మొహాలు చూసి వేసేవాడివి. యంత్రానికి మొహాలు చూడడం రాదు. ఎవరికి వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి, ఎంత వెయ్యాలి? అవి చెప్పు చాలు."

"చచ్చేవాడికి," అన్నాడు షావుకారు. "చచ్చేముందు. బతకడానికి ఎంత కావాలో అంత."

"అందరికీనా?"

"అందరికీ."

ఆమె వేళ్ళు టకటకా కదిలాయి. కదిలినట్టే కదిలి ఆగిపోయాయి. తెర కేసి చూస్తూనే, ఏ కల్మషమూ లేకుండా అడిగింది. "మరి దర్జీ బాబాయికి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, షావుకారు చెయ్యి దానంతట అదే చొక్కా కాలరు దగ్గరికి పోయింది. చెప్పడానికి ఏదో వెతుక్కుంటున్నాడు. పడవవాడు అప్పటికే చాలాసార్లు బతికాడనా, కథకి ఒక చావు కావలసొచ్చిందనా. ఏది తీసి చూసినా బూజు పట్టిన సరుకే.

దర్జీయే అందుకున్నాడు. "నేను ఆఖర్న ఎక్కానమ్మా వంతెన. నా దాకా వచ్చేసరికి డబ్బాలో కొసరు అయిపోయుంటుంది. ముందు నిలబడ్డవాళ్ళదే భాగ్యం, మా షావుకారు కొట్లో ఎప్పుడూ అంతేగా."

అందరూ నవ్వారు. డ్రైవరు కూడా, మూతి కాస్త వంకరగానే అయినా, నవ్వాడు. షావుకారు కూడా నవ్వాడు. ఆ రోజంతట్లో తర్వాత అతన్ని ఎక్కువ కోసింది ఆ నవ్వే.

నర్సమ్మా డ్రైవరూ కొత్త రూలు ఎక్కాక ఇంకోసారి వచ్చి ఆడతామన్నారు. అప్పుడు ఇదే మా ఆట అని రాసిస్తామంది నర్సమ్మ. డ్రైవరు మాత్రం, నాకు కొసరు వద్దని చెప్పి పెట్టించమ్మా, ఈసారి మునిగితే మునుగుతాను అన్నాడు. అని, లిఫ్టు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. యజమాని దర్జీ దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి, రేపటి పని గుర్తుందా అని అడిగాడు. గేము రెండోసగమంతా పడవవాడు పోయిన దుఃఖం మీదే నడుస్తుంది. ఏటి ఒడ్డు పల్లెకి పడవ లేదు, మిగిలినవాళ్ళు అతని తెడ్డు మోసుకుని తిరుగుతారు. ఆ చావుకి అసలు మనిషి గొంతే కావాలని మేనకోడలు పట్టుబట్టి దర్జీని ఒప్పించింది. రేపు పొద్దున రికార్డింగు. చనిపోయేముందు పడవవాడు చెప్పే రెండు మాటలు అంకులే రాసివ్వాలి, ఇంకా రాయలేదు అని యజమాని షావుకారు వైపు చూసి నవ్వాడు.

ఇద్దరు స్నేహితులూ మెట్ల దారిన దిగారు. దర్జీకి లిఫ్టంటే పడదు. కుట్లు లేని పెట్టెలో నిలబడను అంటాడు. షావుకారు రెండు మెట్లు వెనకగా నడుస్తున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి. మేలు చేశావురా అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చి, నోట్లో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయింది.

మలుపు దగ్గర కిటికీ ఉంది. దర్జీ ఆగి, చేతిలోని కోటు వెలుగుకి పట్టి గుండీలు సరిచూసుకున్నాడు.

"పిల్లని కాపాడావు," అన్నాడు షావుకారు ఎట్టకేలకి.

"నీకోసం కాదులే. ఆ పిల్ల లంగాలు కుట్టినవాణ్ణి." దర్జీ ఇంకో గుండీ లాగి చూశాడు. "నేను బల్ల దగ్గర ఎక్కడ కూర్చునేవాణ్ణో గుర్తుందా?"

షావుకారుకి గుర్తుంది. తన ఎడమ పక్కన, దీపం కింద, పొట్టి పీట మీద. అప్పుడూ ఏదో ఒకటి కుడుతూనే ఉండేవాడు. తల వంచుకుని, చూపు సూది మీదే పెట్టుకుని. కనీసం షావుకారు అలా అనుకునేవాడు.

"అట్ట ముందుకే ఉండేదిరా," అన్నాడు దర్జీ. "పక్కకి లేదు."

కింద వీధిలో ఎవరో హారన్ కొట్టారు. షావుకారు మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. అన్నేళ్ళలో వేసిన ప్రతి పాచికా, చెప్పిన ప్రతి అంకే, పక్కనే కూర్చున్న రెండు కళ్ళ ముందు జరిగాయి. సూది బెజ్జంలో దారం ఎక్కించే కళ్ళు.

"అన్నీ చూశావా?"

"అన్నీ. ఆమెకి ఆరు పడితే పదన్నావు. వాడికి మూడు పడితే పదకొండన్నావు. ఎంత మురిసిపోయానో తెలుసా నిన్ను చూసి? వీడు పైకి గీచిగీచి బేరమాడతాడు గానీ లోపల మంచివాడురా అనుకున్నాను. నా వంతు వచ్చింది. మూడో పలక. అయిదూ, అయిదూ."

షావుకారు కళ్ళు దించుకున్నాడు. ఆ రెండు అయిదులూ అతని కళ్ళముందు నుంచి ఎన్నడూ పోలేదు. బల్ల మీద పక్కపక్కన పడ్డాయి, కవలపిల్లల్లా. అప్పటికి కొన్ని వారాలుగా బల్ల దగ్గర గాలి మారుతూ వచ్చింది. దారి ఎటు అంటే అందరూ పడవవాణ్ణి అడుగుతున్నారు. ఆ సాయంత్రం వంతెన ఎక్కాలా వద్దా అని కూడా నర్సమ్మ తన మొహం చూడలేదు, దర్జీ మొహం చూసింది. ఎదుటి కొట్టుకి జనం పోతుంటే గల్లా దగ్గర కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో అలా ఉంది. పాచికలు ఆగాయి. పది. అతను నాలుగు అన్నాడు.

"నాకు కొసరు అక్కర్లేకపోయిందిరా," అన్నాడు దర్జీ. "నాకు అసలే పడింది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" షావుకారు గొంతు తనకే వినపడనంత సన్నగా వచ్చింది.

"చెబితే ఏం చెయ్యాలి? అట్ట పక్కకి తియ్యాలి. అట్ట తీస్తే వాళ్ళిద్దరూ కూడా ఏట్లోనే కదా. వాడప్పుడు అట్టపెట్టెల మధ్య గంతులేస్తున్నాడు. ఇద్దరు గట్టెక్కినప్పుడు ఒకడు మునిగితే మునిగాడులే అనుకున్నాను." కోటు మడతపెట్టి సంచీలో పెట్టుకున్నాడు. "నువ్వు ఎప్పుడో ఒకప్పుడు చెబుతావనుకున్నాను. మన మధ్య ఒక గోడే కదా. ఇవాళ ఆ పిల్ల మీదకి తోసేశాక తెలిసింది, నువ్వు చెప్పవని."

అతను దిగడం మొదలుపెట్టాడు. షావుకారు పిలవాలనుకున్నాడు. చిన్నప్పటి నుంచి పిలిచే పేరు నోటికి రాలేదు. ఆ పేరు పట్టుకుని పిలిచే హక్కు తనకింకా ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు.

కింది మలుపు దగ్గర దర్జీ ఆగి తలెత్తాడు.

"రేపు పొద్దున గొంతివ్వడానికి వస్తాను. మాటిచ్చాను కాబట్టి వస్తాను. అందరూ వింటుంటారట, చెవులకి అవేవో తగిలించుకుని. పడవవాడు ఏం చెప్పి చస్తాడో రాత్రికి ఆలోచించి రాసుకురా." సంచీ భుజం మార్చుకున్నాడు. "రాయడం నీ వల్ల కాకపోతే బెంగపడకు. నేనే చెప్పుకుంటాను. రెండు మాటలే కదా వాళ్ళకి కావలసింది. నా దగ్గర ఉన్నవీ రెండే. అయిదూ, అయిదూ."